గుండ్రంగా గీస్తే సరిపోదు!

డిజైనింగ్ కొలువుల కోసం చూస్తున్నారా? పోస్టర్లు, ఇన్‌స్టా పోస్టులు అందరి పోర్ట్‌ఫోలియోల్లోనూ ఉంటాయి. వాటి పక్కన ఒక్క సీడీ లేబుల్ పక్కాగా చేసి పెట్టండి. కొలతలు, ప్రింటింగ్, తెలుగు అక్షరాలు.. మూడింటి మీదా మీకెంత పట్టుందో అదొక్కటే చెప్పేస్తుంది.

ఈ రోజుల్లో సీడీలేంటి అనుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డ్రైవే ఉండట్లేదు, నిజమే. అయినా ప్రాజెక్టు రిపోర్టుతో పాటు సీడీ అడిగే కాలేజీలు ఇంకా ఉన్నాయి. పైగా ఇక్కడ నేర్చుకున్న పని సీడీతో ఆగిపోదు. ఆవకాయ సీసా మూత మీది స్టిక్కర్, స్వీటు బాక్సు సీలు, కాలేజీ ఫెస్ట్ బ్యాడ్జి.. అన్నీ గుండ్రటివే. సీడీతోనే మొదలుపెట్టమనడానికి కారణం, దాని కొలత ఎక్కడైనా ఒకటే. ఎవరినీ అడగక్కర్లేదు.

ముందు స్కేలు.. తర్వాతే మౌస్

సీడీ వ్యాసం 120 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 15. రంధ్రం చుట్టూ పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ భాగం ఉంటుంది. అక్కడ పడిన రంగు మిగతా చోట పడినట్టు కనిపించదు. ప్రింటర్‌లో నేరుగా పెట్టి ముద్రించే తెల్లపూత డిస్కులైతే, ఆ పూత ఎక్కడ మొదలవుతుందో కంపెనీని బట్టి మారుతుంది. ప్యాక్ మీద చూడండి, లేదా స్కేలు పెట్టి కొలవండి.

అంచు వరకూ రంగు రావాలంటే డిజైన్‌ను చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ గీయాలి. ప్రింటింగ్ వాళ్లు దీన్నే బ్లీడ్ అంటారు. కోత కాస్త పక్కకు జరిగినా తెల్లగీత కనిపించకుండా ఉండటానికే ఇది. అంటే మీరు గీయాల్సింది 126 మిల్లీమీటర్ల వృత్తం. అక్షరాలు మాత్రం అంచుకు కనీసం 3 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. 300 డీపీఐ లెక్కన 126 మిల్లీమీటర్లంటే సుమారు 1,488 పిక్సెళ్లు. నెట్‌లో దొరికిన 600 పిక్సెళ్ల కాలేజీ లోగోను డిస్కంతా సాగదీస్తే 127 డీపీఐ దగ్గర పడిపోతుంది. స్క్రీన్ మీద బాగానే ఉంటుంది. కాగితం మీదకొచ్చాక అసలు రంగు బయటపడుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు

కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ ఉంటే మంచిదే. లేకపోతే క్రాక్ వెర్షన్ల వెంట పడొద్దు. ఇంక్‌స్కేప్ ఉచితం, ఈ పనికి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఫొటోలు సరిచేసుకోవడానికి జింప్ ఉంది. (ఆ జింప్‌ను మొదలుపెట్టింది కూడా విద్యార్థులే. 1995లో బర్క్‌లీలో చదువుతున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మ్యాటిస్.)

ఇంక్‌స్కేప్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌కి వెళ్లి యూనిట్లను మిల్లీమీటర్లకు మార్చండి. కంట్రోల్ నొక్కి పట్టుకుని వృత్తం గీసి, పైనున్న టూల్‌బార్‌లో వెడల్పు, ఎత్తు 126 అని టైప్ చేయండి. స్ట్రోక్ తీసేయడం మర్చిపోవద్దు. మామూలు సెట్టింగులో గీత మందాన్ని కూడా కొలతలో కలిపేస్తుంది. రంధ్రానికి 15 మిల్లీమీటర్ల వృత్తం గీసి, రెండింటినీ ఎంచుకుని అలైన్‌లో సెంటర్ చేసి, పాత్ మెనూలో డిఫరెన్స్ కొడితే మధ్యలో చిల్లు పడుతుంది. ఇదంతా పది నిమిషాల పని.

అసలు పని ఆ తర్వాతే. దీర్ఘచతురస్రంలో వెడల్పు ఎక్కడైనా ఒకటే. వృత్తంలో పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. టెన్త్‌లో చదివిన పైథాగరస్ ఇక్కడ పనికొస్తుంది. సురక్షిత వ్యాసార్ధం 57 మిల్లీమీటర్లు అనుకుంటే, కేంద్రం నుంచి 30 మిల్లీమీటర్ల పైన మీకు దొరికే వెడల్పు దాదాపు 97. అదే 50 పైన అయితే 55 మాత్రమే. ప్రాజెక్టు టైటిళ్లు మనవాళ్లవి ఎంత పొడుగుంటాయో తెలిసిందే కదా! అందుకే టైటిల్ 30 దగ్గర, కాలేజీ లోగో ఇంకాస్త పైన, పేరు, హాల్‌టికెట్ నంబర్, సంవత్సరం రంధ్రం కింద పెడితే ఇరుకనిపించదు. ఫొటో వాడితే ముఖం మధ్యలోకి రాకుండా చూసుకోండి. సరిగ్గా ముక్కు దగ్గర చిల్లు పడుతుంది.

తెలుగు ఒంపు తిరిగితే

అంచు వెంట అక్షరాలు నడపాలంటే టెక్స్ట్ మెనూలో పుట్ ఆన్ పాత్ ఉంది. ఇంగ్లిష్‌కు ఇది తేలిక. తెలుగుకు అంత తేలిక కాదు. వృత్తం పైభాగంలో అక్షరాల పాదాలు కేంద్రం వైపు ఉంటాయి. కాబట్టి కిందికి దిగే ఒత్తులన్నీ దగ్గరకొచ్చి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ‘రాష్ట్ర’, ‘శాస్త్రి’ లాంటి మాటలు రాసి చూడండి, తెలుస్తుంది. పాత్‌ను రివర్స్ చేసి అదే వాక్యాన్ని కింది అంచున పెడితే ఒత్తులకు చోటు దొరుకుతుంది, ఈసారి తలకట్లు, గుడులు ఇరుక్కుంటాయి. ఒత్తులు ఎక్కువున్న మాటలకు కింది అంచే మేలని నా అభిప్రాయం. అక్షరాల మధ్య దూరం కొంచెం పెంచండి. చిన్న వ్యాసార్ధంలో అయితే ఒంపు ఆలోచనే మానేసి తిన్నగా రాయడం నయం.

ఫాంట్ల విషయానికొస్తే, డీటీపీ షాపుల్లో అను ఫాంట్లు చాలాకాలంగా వాడుతున్నారు. ఫోన్‌లో టైప్ చేసిన యూనికోడ్ తెలుగు వాటిలో నేరుగా అతకదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న రామభద్ర, మండలి, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం, ఇంక్‌స్కేప్‌లో ఒత్తులు సరిగ్గానే పడతాయి. పాత ఫొటోషాప్ వెర్షన్లలో ఒత్తులు విడిపోతుంటే టైప్ ప్రిఫరెన్సెస్‌లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఆన్ చేయాలి.

షాపుకు పంపేముందు అక్షరాలను పాత్‌గా మార్చేయండి. అప్పుడు వాళ్ల కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోయినా నష్టం లేదు. కానీ మార్చని కాపీ ఒకటి విడిగా దాచుకోండి. పాత్ అయిపోయాక స్పెల్లింగ్ తప్పు దిద్దలేరు.

కాగితం లేబుల్ అంటించేవాళ్లకో మాట. వేగంగా తిరిగే డ్రైవ్‌లో డిస్కు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. లేబుల్ ఒక పక్కకు జరిగితే డిస్కు ఊగుతుంది, రీడ్ కాకపోవచ్చు. పీకి మళ్లీ అంటిద్దామంటే కుదరదు. సీడీలో మెరిసే డేటా పొర లేబుల్ వైపు పల్చటి లక్క కిందే ఉంటుంది, కాగితంతో పాటు ఊడొస్తుంది. బాల్‌పెన్‌తో సీడీ మీద గట్టిగా రాయొద్దనేదీ ఇందుకే. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య భద్రంగా ఉంటుంది కానీ, లేబుల్ బరువు తేడా దానికీ పడదు. వీలైతే కాగితం అంటించకుండా తెల్లపూత డిస్కు మీదే ప్రింట్ చేయించండి.

దానికి ముందు మామూలు ఏ4 కాగితం మీద ఒక ప్రింటు తీయండి. ప్రింట్ సెట్టింగుల్లో ఫిట్ టు పేజ్ తీసేసి 100 శాతం పెట్టాలి. దాని మీద డిస్కు పెట్టి రంధ్రం, అంచు సరిపోయాయో లేదో చూడండి. స్క్రీన్‌పై మెరిసిన ఆకుపచ్చ, నీలం రంగులు కాగితం మీద డల్‌గా వస్తే కంగారు పడొద్దు, ఫైల్లో కాస్త సరిచేసి ఇంకోటి తీయండి.

పోర్ట్‌ఫోలియోలో ఫైనల్ బొమ్మ ఒక్కటే పెట్టకండి. కొలతలు వేసిన గీతల స్కెచ్, ప్రింటైన డిస్కు ఫొటో పక్కపక్కన పెట్టండి. అదే డిజైన్‌ను మీ ఊళ్లో పచ్చళ్లు అమ్మేవాళ్ల సీసా మూతకు కుదించి మూడో బొమ్మగా చేర్చండి. మూత కొలత మాత్రం ఫోన్‌లో అడగొద్దు. స్కేలు పట్టుకుని వెళ్లండి.