ఇంట్లో కట్టిన విమానం – ఇంజనుకు పరీక్ష

విమానం అనగానే మనకు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. కానీ అమెరికాలో వేలాదిమంది తమ ఇంటి గ్యారేజీలోనే చిన్న విమానాలు తయారు చేసుకున్నారు. ఇలాంటి వారి కోసం పాల్ పోబెరెజ్నీ 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక సంఘమే స్థాపించాడు. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేసి ఉండాలన్నది అక్కడి నిబంధన.

తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని నమ్మి గాలిలోకి లేవడం ఒక ఎత్తు. విమానయాన సంస్థలవి, సైన్యానివి కాని విమానాలలో ఇవి దాదాపు 10 శాతమే. అయినా 2011లో అక్కడ జరిగిన ప్రమాదాలలో 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాలలో 21 శాతం వీటివే. ముఖ్య కారణాలలో ఒకటి ఇంజను మొరాయించడం.

మొదటి పరీక్ష నేల మీదే. మన హాస్టల్ కుళాయి కింద బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూసినట్లే ఉంటుంది. విమానం ముక్కును పైకెత్తి నిలిపి, కార్బురేటర్ దగ్గర పెట్రోలు గొట్టం ఊడదీసి, డబ్బాలో పడుతున్న పెట్రోలును గడియారం చూసి కొలుస్తారు. పంపు లేకుండా పై నుంచి దిగే పెట్రోలైతే ఇంజను గరిష్ఠంగా వాడేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి. గంటకు 40 లీటర్లు తాగే ఇంజనుకు 60 లీటర్లు, అంటే నిమిషానికి ఒక లీటరు. పంపు ఉంటే ఒకటింపావు రెట్లు చాలు. ముక్కు ఎందుకు ఎత్తాలి? పైకి ఎక్కేటప్పుడు రెక్కలోని ట్యాంకుకు, ఇంజనుకు మధ్య ఎత్తు తేడా తగ్గి ధార సన్నబడుతుంది. ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావలసింది కూడా సరిగ్గా అప్పుడే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొత్త ఇంజనులో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు ఒదగాలంటే ఎక్కువ శక్తితో నడపాలి. నేల మీద అలా ఎక్కువసేపు నడిపితే చల్లబరిచే గాలి చాలక ఇంజను వేడెక్కిపోతుంది. కాబట్టి మొదటి ప్రయాణమే అసలు పరీక్ష అవుతుంది! పైలట్ విమానాశ్రయం పైనే చుట్లు కొడుతూ సిలిండర్ తల ఉష్ణోగ్రత మీద కన్ను వేసి ఉంచుతాడు. లైకమింగ్ ఇంజన్లలో చాలావాటికి గరిష్ఠ హద్దు 260 డిగ్రీల సెల్సియస్. అంతకు చాలా ముందే ముక్కు కొంచెం దించాలి. వేగం పెరిగి గాలి బాగా తగులుతుంది. లేచిన వెంటనే ఇంజను ఆగితే మాత్రం వెనక్కి తిరగకుండా ముక్కు దించి, ఎదురుగా ఉన్న నేల మీదే దిగాలి. రన్‌వే కోసం తక్కువ ఎత్తులో మలుపు తిప్పి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో.

మాకు బాగా నచ్చింది ఎక్కుడు పరీక్ష. గాలి నిలకడగా ఉండే తెల్లవారుజామున 3,000 నుంచి 4,000 అడుగులకు ఒకే వేగంతో ఎక్కి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటారు. దిగి, ఇంకో వేగంతో మళ్లీ ఎక్కుతారు. వేగం అడ్డంగా, నిమిషానికి ఎక్కిన అడుగులు నిలువుగా గ్రాఫ్ గీస్తే కొండలాంటి వక్రరేఖ వస్తుంది. దాని శిఖరమే అతి త్వరగా ఎత్తుకు చేర్చే వేగం. మూలబిందువు నుంచి గీసిన స్పర్శరేఖ తాకేచోటు అతి నిటారుగా ఎక్కే వేగం. రన్‌వే చివర చెట్లుంటే ఇదే కాపాడుతుంది. పదో తరగతి గ్రాఫ్ కాగితం ఇంత పని చేస్తుందని ఎవరనుకుంటారు?

ఆ రోజు ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సముద్రమట్టంలో 40 డిగ్రీల వేడి ఉంటే, ఇంజనుకు అది దాదాపు 3,000 అడుగుల ఎత్తులోని పలుచని గాలితో సమానం. సాధారణ ఇంజను వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. అందుకే కొలతలన్నిటినీ 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణానికి మార్చి పోలుస్తారు.

ప్రభుత్వ ధ్రువీకరణ ఉన్న ఇంజను, ప్రొపెల్లర్ జత అయితే సాధారణంగా 25 గంటలు, కాకపోతే 40 గంటలు ఇలా పరీక్షించాలి. అంతవరకు ప్రయాణికులు ఎక్కరాదు. చివరకు తేలిన వేగాలను, బరువును లాగ్‌బుక్‌లో రాసి, విమానం అదుపులో ఉంటుందని సంతకం చేయాలి. ఆ తరువాతే పక్క సీటులో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకోవచ్చు.