ఎండయు, మన చర్మమును

మామిడి యంటు నాటిన రైతు తొలివేసవిలో దానికిఁ దాటాకు నీడ గట్టును. లేఁత మొక్కను గాచుకొనుట మనకుఁ దెలియును. మన చర్మమును గాచుకొనుట మాత్రము మఱచుచున్నాము. కోఁతకాలమున మన యుంగుటూరు ప్రాంతమువారును, నూజివీడు తోటలలోని కూలివారును దినమెల్ల నెండలోనే యుందురు. వడదెబ్బను గూర్చి యందఱు నెఱుఁగుదురు. ఎండ చర్మమునకుఁ జేయు హానిని గూర్చి కొంత విన్నవింపఁ దలఁచితిమి.

సూర్యకాంతిలోఁ గంటికిఁ గానరాని యతినీలలోహిత కిరణములు గలవు. అవి చర్మకణములలోని డి.ఎన్.ఏ. యను పదార్థమును జెఱచును. ఆ చెఱుపును శరీరము చాలవఱకు బాగుచేసికొనును. కాని యేండ్లతరబడి దెబ్బమీఁద దెబ్బ తగిలినచోఁ గొన్ని కణము లదుపుతప్పి పెరుఁగును. ఇదియే చర్మపు క్యాన్సరు.

మన మేనికి నలుపు నిచ్చు మెలనిన్ అను వర్ణకము ఈ కిరణములను బీల్చికొని లోపలి కణములను గాపాడును. అందుచేఁ దెల్లజాతులవారికంటె మన కీ వ్యాధి మిక్కిలి తక్కువ. తక్కువ యనఁగా బొత్తిగా లేదని కాదు.

అయితే ఆ కవచము లేకయే పుట్టినవారు మన నడుమఁ గలరు. తల్లిదండ్రులు నల్లనివారైనను బిడ్డ తెల్లని వెండ్రుకలతోను, మందదృష్టితోను బుట్టుట కలదు. దీనిని ఆల్బినిజమందురు. ఇది అంటువ్యాధి కాదు, బొల్లియుఁ గాదు, ఎవరి పాపఫలమును గాదు, వంశక్రమమున వచ్చునది. ఇట్టివారికి మన యెండ ప్రాణాంతకమగు క్యాన్సరును యౌవనముననే తేవచ్చును. వీరికి సన్‌స్క్రీన్ లేపనము సొగసు సామగ్రి కాదు, నిత్యావసరము.

అప్పుడప్పుడు పూసికొన్నఁ జాలదా యని యడుగవచ్చును. ఆస్ట్రేలియాలో నాంబూరను నూర 1992 మొదలు 1996 వఱకు 1621 మందిపై నీ సంగతిని బరీక్షించిరి. కొందఱిని బ్రతిదినము పూసికొనుమనిరి. తక్కినవారిని దమ యిచ్చకు విడిచిరి. నిత్యము పూసికొన్నవారిలో స్క్వేమస్ అను జాతి క్యాన్సరు గడ్డలు ఇంచుమించు నూటికి నలువది వంతులు తగ్గెను. వారు తెల్లజాతివారు, ఐనను మేలు చేసినది అలవాటే యని స్పష్టము.

పూయు విధమిది. ఎస్.పి.ఎఫ్. 30కిఁ దక్కువ గాని లేపనమును, బయలుదేఱుటకుఁ బావుగంట ముందు, రెండు వ్రేళ్ల నిడివి తీసి ముఖమునకు, మెడకు, చెవులకుఁ బట్టింపవలెను. చేతులకు వేఱుగాఁ బూయవలెను. ఎండలో నున్నచో రెండుగంటల కొకసారియుఁ, జెమట తుడిచికొన్న పిదపను మరలఁ బూయవలెను. మబ్బు దినమునను మానరాదు. పండ్లు తోముకొన్న వెంటనే పూసికొన్నచో మఱపు రాదు.

కొనలేనివారికి నీడయు, నిండుచేతుల చొక్కాయుఁ, దలపాగయుఁ గలవు. కొన్నవారికిని ఇవియే ముందు. మన నీడ మనకంటెఁ బొట్టిగా నున్నప్పు డెండ కడు తీవ్రమని యెఱిఁగి చెట్టు క్రిందికిఁ జేరవలెను.

మఱియొక మాట. నల్లనివారికి మెలనోమా యను క్యాన్సరు ఎండ తగులని యరికాలను, గోరుక్రిందను వచ్చుట కలదు; దానిని లేపన మాపఁజాలదు. అచటఁ బెరుగు నల్లమచ్చనుగాని, ఎచ్చటనైన మానని పుండునుగాని, పాత కాలినమచ్చపై లేచిన వ్రణమునుగాని చూచినచో వైద్యునికిఁ జూపవలెను.

సోదర విద్యార్థులారా! మన తరగతిలో వర్ణకము లేక పుట్టిన బాలుఁడున్నచో నతనిని మాఱుపేరు పెట్టి పిలువకుఁడు. నల్లబల్లకు దగ్గఱగా, ఎండపడనిచోట నతనికిఁ జోటిండు. ఆటస్థలమున నతఁడు టోపీ పెట్టుకొన్నచో నవ్వకుఁడు. లేఁత యంటుకు మన తండ్రులు కట్టు నీడ తోడివానికి మనము కట్టలేమా?