కొరివికారమును రుచి చూచి నిర్ణయించు విధము

పండుమిరపకాయలను ఉప్పుతోను చింతపండుతోను నూరి జాడి కెత్తిన దానిని మన ప్రాంతమున కొరివికారమందురు. ఇటీవల దీనినే పలుచన చేసి, కరివేపాకు, ధనియాలు, జీలకర్ర, మెంతులు చేర్చి, 'కర్రీ హాట్ సాస్' అను పేరుతో సీసాల కెత్తి అమ్ముచున్నారు. కర్రీ యనగా ఏ కూరయో మాకు బోధపడలేదు. మన యిండ్లలో వంకాయ కొక కారము, కాకరకాయ కొక కారము గదా!

అయినను ఈ సరకును తేలికగా చూడరాదు. 2025వ సంవత్సరారంభమున మిరపధరలు పడిపోగా, కేంద్ర ప్రభుత్వము మన రాష్ట్రపు కాయకు క్వింటాలు 1కి 11,781 రూపాయలుగా ధర నిర్ణయించి, 2,91,000 టన్నుల వరకు ఆదుకొను పథకమును ప్రకటింపవలసివచ్చెను. ఎండుకాయను యార్డునకు తోలి ధరకై కాచియుండు నందిగామ, తిరువూరు ప్రాంతపు రైతునకు పండుకాయను కారముగా అమ్ముట మరియొక దారి. అయితే సంఘము పేర సీసా బజారునకు పోవునపుడు అందలి రుచిని ముందుగా మనమే కఠినముగా పరీక్షింపవలయును.

మొదట కంటితో చూడవలెను. మంచి పండుతో నూరిన కారము తనంతట తానే ఎఱ్ఱగా నుండును. రంగు కలుపుటకు మనసుపడువారు 2003లో జరిగినది మరువరాదు. మన దేశపు కారపు సరకులలో సూడాన్ అను నిషిద్ధపు రంగు బయటపడగా, యూరపు దేశములు పరీక్షాపత్రము లేని సరకును రానీయమనెను. కలిపినవాడెవ్వడో గాని, ఆ చిక్కు కలుపనివారికిని తగిలెను.

పిమ్మట వాసన. ఇచ్చటనే మోసమునకు తావెక్కువ. తాలుకాయను, బూజు తగిలిన కాయను నూరి, ఆ ముక్కవాసన తెలియకుండ మెంతిపొడిని, ఇంగువను దండిగా కుమ్మరించుట కలదు. కాబట్టి మసాలా వేయక మునుపటి ముద్దను కొంచెము వేరుగా తెప్పించుకొని వాసన చూడవలెను. మేము దీనిని పట్టుపట్టి అడుగుదుము. ఇయ్యనివారి సీసాను తెరువము. మెంతులు మాడినచో చేదు నాలుక చివర నిలిచిపోవును. దానిని బెల్లముతో కప్పజూచుట వ్యర్థము.

ఇక నాలుక. కారము నిజమునకు రుచి కాదు. కాయలో గింజ లంటియుండు తెల్లని యీనెలో కాప్సైసిన్ అను ద్రవ్యము పుట్టును. అది నోటిలో వేడిని గుర్తించు నరములను రేపును. నీటిలో కరుగదు గాన నీళ్లు త్రాగిన మంట తగ్గదు, పెరుగు తగ్గించును. 1912లో అమెరికాలో స్కోవిల్ అను ఔషధశాస్త్రజ్ఞుడు, ఎన్ని పాళ్లు పంచదారనీరు కలిపిన కారము తెలియకుండునో చూచి, దానినిబట్టి అంకెలు వేసెను. నేడు యంత్రములే కొలుచుచున్నవి. మనకంత పరికరము లేకున్నను, ఐదుగురు కూర్చుండి, ఒకరి మాట యొకరు వినక, వేరువేరుగా వ్రాసికొనిన చాలును. తక్కువ కారముదానితో మొదలుపెట్టి, నడుమ నడుమ పెరుగన్నము తినవలెను. ఒకపూట నాలుగైదు రకములకు మించిన నాలుక మొద్దుబారును. ఉత్తకారమును నాకి తీర్పు చెప్పరాదు; వేడియన్నములో కలిపి చూడవలెను, తినువారు తినునది అట్లే గదా.

పులుపునుగూర్చి ఒక మాట. లూయిసియానా రాష్ట్రమున 1868 మొదలు చేయుచున్న టబాస్కోలో మిరపముద్దను ఉప్పుతో పీపాలలో మాగవేసి, పిదప వినిగరు కలుపుదురు. వినిగరు పులుపు ఆవిరియై ముక్కున కెక్కును. చింతపండు పులుపు నాలుకను వదలదు. పైదేశపు సీసాను చూచి మనవారు వినిగరు పోయుచున్నారు గాని, కరివేపాకు మెంతులతో పొసగునది చింతపండే యని మా నిశ్చయము. అయితే సీసా పలుచగా జారదు. జారకున్న నేమి? వెడల్పు మూతిగల సీసాలో పోయుడు.

కడపట, తెరచిన సీసాను పదునైదు దినములుంచి మరల చూడవలెను. కాయలను తొడిమతోనే కడిగి, తడి పూర్తిగా ఆరినపిమ్మట తొడిమ తీసి నూరినచో లోనికి నీరు చేరదు. ఉప్పు తగ్గించినను, తడి గరిటె పెట్టినను పైన తెల్లని పొర గట్టును. ఆ పొరను తీసి క్రిందిదానిని అమ్ముట కూడదు. ఆ జాడిని పారబోయవలసినదే.