ఇస్తాంబుల్: ఊరి పేర్లతో వడ్డించే నగరం

ఇస్తాంబుల్‌లో ఏ భోజనశాలకైనా వెళ్ళి అక్కడి వంటకాల పట్టిక చదవండి. భూగోళ పాఠ్యపుస్తకం తెరిచినట్లుంటుంది. అదానా కబాబ్, ఊర్ఫా కబాబ్, ఆంతెప్ బక్లావా, మరాష్ ఐస్‌క్రీమ్ — ఇవన్నీ ఊళ్ళ పేర్లు. మరికొన్ని వంటకాలకు జాతుల పేర్లున్నాయి. వేయించిన గొర్రె కార్జం ముక్కలను 'అర్నవుత్ జియేరీ', అనగా అల్బేనియన్ల కార్జం అంటారు. అక్రోటుల ముద్దలో కలిపిన కోడిమాంసం 'చెర్కెజ్ తవూవు', అనగా సర్కాసియన్ల కోడి. 1864 ప్రాంతంలో రష్యా సైన్యాలు కాకసస్ పర్వతసీమ నుంచి తరిమివేయగా, లక్షల మంది సర్కాసియన్లు ఓడలెక్కి ఆటోమన్ తీరాలకు చేరుకొన్నారు. 'టర్కీ వంటకాలు' అని మనం ఒక్క మాటలో తేల్చివేస్తాం కాని, ఈ నగరంలో ఆ మాట వెనుక ఎన్నో రాకలూ, ఎన్నో పోకలూ ఉన్నాయి.

ఈ సంగతి గ్రహించడానికి సులభమైన మార్గం ఆహారయాత్ర. ఒక మార్గదర్శి, ఆయన వెనుక ఎనిమిది పదిమంది యాత్రికులు, పగలంతా కాలినడక. అయిదారు చోట్ల ఆగి రుచి చూడడం, నడుమ ఆయన చెప్పినది వినడం. తొలి దుకాణంలోనే కడుపు నింపుకొన్నవారు మధ్యాహ్నానికి కేవలం శ్రోతలుగా మిగులుతారని ముందే చెప్పడం మంచిది.

ఎమినోను రేవు వద్ద ప్రారంభమయ్యే యాత్రకు తొలి పలకరింపు సిమిత్. పిండిని తాడులా పేని, వలయంగా చుట్టి, ద్రాక్షపాకం కలిపిన నీటిలో ముంచి, నువ్వులలో పొర్లించి కాల్చిన రొట్టె ఇది. దానికి తోడు తెల్లని జున్ను, ఆలివ్ కాయలు, నడుము సన్నని గాజుగ్లాసులో పాలు కలపని తేనీరు. ఉదయపు ఫలహారాన్ని వారు 'కహ్వాల్తి' అంటారు. కాఫీకి ముందు తినేది అని దాని అర్థం. పేరులో కాఫీ ఉన్నా గ్లాసులో ఉండేది తేనీరే! ఇందుకు కారణం చరిత్ర. కాఫీగింజలు పండే యెమెన్ మొదటి ప్రపంచయుద్ధంతో ఆటోమన్ల చేజారిపోయింది. దిగుమతి కాఫీ సామాన్యులకు భారమైంది. 1923లో ఏర్పడిన కొత్త రిపబ్లిక్ నల్లసముద్ర తీరాన రిజే కొండలలో తేయాకు సాగును ప్రోత్సహించింది. 1947లో అక్కడ తొలి తేయాకు కర్మాగారం వెలిసింది. నేడు తలసరి తేయాకు వాడకంలో ఆ దేశానిదే ప్రపంచంలో అగ్రస్థానం. అనాదిగా వస్తున్నదనిపించే ఈ ఇంటింటి అలవాటు నిజానికి రెండు మూడు తరాల నాటిది.

రేవుకు ఎదురుగా 1660లలో కట్టిన 'మిసిర్ చార్షీ', అనగా ఈజిప్టు బజారు ఉన్నది. పక్కనున్న మసీదు పోషణకై ఈ దుకాణాల అద్దెలను కేటాయించారు. మన మలబారు మిరియాలు ఎర్రసముద్రం, కైరోల మీదుగా ఈ రేవుకు చేరేవి. అక్కడ అమ్మే ఊర్ఫా మిరపపొడి 'ఇసోత్' చూడదగినది. కాయలను పగలు ఎండలో ఆరబెట్టి, రాత్రి మూటకట్టి చెమర్చనిస్తారు. దానితో అది నల్లబడి, పొగ సోకినట్టి పరిమళం పొందుతుంది. గుంటూరు మిరప ఎరిగిన నాలుకకు ఆ కారం ఒక లెక్కలోనిది కాదు. పరిమళం మాత్రం మరపు రాదు. ఆ మాటకు వస్తే మిరప వారికీ మనకూ కూడ అమెరికా ఖండం నుంచి వచ్చిన అతిథే.

బజారు దాటి తలెత్తితే దూరాన తోప్‌కాపి రాజప్రాసాదపు వంటశాలల పొగగొట్టాలు కనిపిస్తాయి. 1574 నాటి అగ్నిప్రమాదం తరువాత వాటిని పునర్నిర్మించినవాడు వాస్తుశిల్పి సినాన్. సుల్తాను అంగరక్షకులైన జానిసరీ సైనికులకు వంటపాత్రే పతాకం వంటిది. వారి దళపతి బిరుదు 'చోర్బజీ', అనగా చారు వడ్డించేవాడు! రంజాను నెల నడుమ సుల్తాను వారికి బక్లావా పళ్ళేలు పంపడం, వారు వాటిని ఊరేగింపుగా మోసుకుపోవడం ఆచారం. అలిగిన నాడు మాత్రం వారు తమ డేగిసాలను బోర్లించేవారు. అది తిరుగుబాటుకు సంకేతం. 1826లో ఆ దళమే రద్దయింది. రాజవంశానికీ చివరకు వలస తప్పలేదు. 1924లో ఖలీఫా పదవిని రద్దుచేసి కుటుంబాన్ని దేశం నుంచి పంపివేశారు. కడపటి ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్‌ను 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో హైదరాబాదు నిజాం పెద్దకుమారుడు వివాహమాడాడు. హైదరాబాదు పాతబస్తీలో ఆమె పేరిట వెలసిన ఆసుపత్రిని ఎరిగిన పాఠకులు అనేకులుంటారు.

అక్కడినుంచి మెరక ఎక్కితే క్రీ.శ. 4వ శతాబ్దపు రోమన్ జలసేతువు పక్కన 'కదిన్లార్ పజారి', అనగా మహిళల బజారు ఎదురవుతుంది. పేరుకు మహిళలదే అయినా దుకాణదారులలో అధికులు దేశపు ఆగ్నేయ మూలనున్న సీర్త్ ప్రాంతపు పురుషులు. పనులు వెదుక్కొంటూ వచ్చినవారు కొందరు. 1990లలో అక్కడి సాయుధ సంఘర్షణ మూలంగా కుర్దుల పల్లెలు ఖాళీ అయినపుడు వచ్చినవారు మరికొందరు. వారు వెంట తెచ్చుకొన్నది 'బుర్యాన్'. నేలలో తవ్విన లోతైన పొయ్యిలో గొర్రెమాంసాన్ని వేలాడదీసి, పైన మూతవేసి, తన కొవ్వులో తానే మగ్గేటట్లు చేస్తారు. తరువాత బరువైన కత్తితో నరికి, తూచి, వేడి రొట్టెపై వడ్డిస్తారు. మధ్యాహ్నం దాటితే దొరకడం కష్టం. ఈ పేరూ మన బిరియానీ పేరూ పారశీక భాషలోని ఒకే మాట నుంచి పుట్టినవి. కాల్చినది, వేయించినది అని అర్థం. మనం హోటళ్ళలో అడిగే 'కీమా' అయితే టర్కిష్ మాటే.

ఆ పక్కనే వెఫా పేటలో 1876 నాటి బోజా దుకాణం ఉన్నది. స్థాపించినవారు బాల్కన్ సీమ నుంచి వచ్చినవారు. బోజాను చిరుధాన్యాన్ని పులియబెట్టి చిక్కగా, పుల్లతీపిగా తయారుచేస్తారు. పైన దాల్చినచెక్క పొడి, వేయించిన శనగలు చల్లుకొంటారు. అంబలి తాగి పెరిగినవారికి అది పరదేశి రుచి అనిపించదు. నోబెల్ బహుమతి గ్రహీత ఒర్హాన్ పాముక్ 2014లో ప్రచురించిన నవల కథానాయకుడు రాత్రివేళ వీథి వీథినా బోజా అమ్మేవాడే.

ఈ పేటలలోనే 2011 తరువాత మరొక రాక మొదలయింది. అంతర్యుద్ధం నుంచి పారిపోయి టర్కీలో తలదాచుకొన్న సిరియన్ల సంఖ్య ఒక దశలో 36 లక్షలు దాటింది. ఫాతిహ్ ప్రాంతంలో వారి రొట్టెల కొట్లు, మిఠాయి అంగళ్ళు వరుసగా లేచాయి. దుకాణాల పేరుపలకలలో టర్కిష్ భాషకే ప్రాధాన్యం ఉండాలని 2019లో అధికారులు పట్టుబట్టారు. 2024 డిసెంబరులో డమాస్కస్ ప్రభుత్వం కూలిన పిదప అనేకులు స్వదేశానికి తిరుగుముఖం పట్టారు. ఇక్కడి పట్టికలలో వారి పేర ఏ వంటకం నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేము.

ఒకే వంటకాన్ని ఇద్దరు ముగ్గురు తమదంటే తమదని వాదించుకోవడం ఈ ప్రాంతాల్లో నిత్యకృత్యం. నగరపు ఆసియా ఒడ్డున కదికోయ్‌లో 1987 నుంచి 'చియా' భోజనశాలను నడుపుతూ, పల్లె పల్లెకూ తిరిగి మరుగునపడిన వంటలను సేకరించిన ముసా దాగ్దెవిరెన్ మాత్రం వంటకానికి భూగోళం ఉంటుందే కాని జాతి ఉండదంటారు. ఉదాత్తమైన మాటే. అయినా దానిని నేను సగమే ఒప్పుకొంటాను. భూమి ఎక్కడికీ పోదు. వండే చేతులను వెళ్ళగొట్టవచ్చు.

అందుకు సాక్ష్యం గలాతా వంతెన అవతల బెయోలు పేటలో కనబడుతుంది. సాయంవేళకు అక్కడి చేపల బజారు పక్క సందుల్లో 'మెయ్‌హానే'లు, అనగా మధుశాలలు నిండిపోతాయి. సోంపు వాసన గల రాకీ, చిన్న చిన్న పళ్ళేలలో చల్లని వంటకాలు, ఆపైన చేపలు. లెవ్రెక్, పలాముత్, లుఫెర్, ఉస్కుమ్రు — ఈ చేపల పేర్లన్నీ గ్రీకు భాషవే. ఉప్పులో ఊరవేసిన పలాముత్ ముక్కలు 'లాకెర్దా'. ఆ పేరూ గ్రీకే. పక్క పళ్ళెంలోని 'తోపిక్' ఆర్మీనియన్లది. మెత్తగా నూరిన శనగల పొరలో ఉల్లి, నువ్వులముద్ద, చిన్న ఎండుద్రాక్ష, దాల్చినచెక్క కూరి, మన బూరెలో పూర్ణం పెట్టినట్లు చుడతారు. మాంసమూ పాలూ విసర్జించే ఉపవాసదినాల వంట అది. ఇప్పుడు మధుశాలలో ఉపదంశమయింది.

రిపబ్లిక్ తొలినాళ్ళలో ఈ నగరంలో గ్రీకులు సుమారు లక్షమంది. 1942లో విధించిన ఆస్తిపన్ను అల్పసంఖ్యాకులైన వర్తకులను కుంగదీసింది. 1955 సెప్టెంబరు 6, 7 తేదీలలో, సలోనికాలో అతాతుర్క్ జన్మగృహం వద్ద బాంబు పేలిందన్న వార్తతో రెచ్చిన మూకలు ఇదే బెయోలులో గ్రీకుల, ఆర్మీనియన్ల, యూదుల దుకాణాలను ధ్వంసం చేశాయి. 1964లో, సైప్రస్ తగాదా నడుమ, గ్రీసు పౌరసత్వమున్న వేలాది కుటుంబపెద్దలను దేశం విడిచిపొమ్మన్నారు. వారు వెంట తీసుకుపోగలిగిన సామాను 20 కిలోలు. భార్యాబిడ్డలు వెనుకనే తరలిపోయారు. నేడు మిగిలిన గ్రీకులు కొద్ది వేలకు మించరు. ఇప్పటి వంటవారిలో పలువురు అనటోలియా లోతట్టు నుంచి వచ్చినవారు. 'ఉస్తా' అని గౌరవంగా పిలిపించుకొనే ఆ పనివారు లాకెర్దా చక్కగానే పెడుతున్నారు. పేరు ఎక్కడిదని అడిగితే మార్గదర్శి చెబుతాడు. అడగకపోతే ఆ కథ చెప్పని మార్గదర్శులూ ఉన్నారు.

వెళ్ళిపోయినవారిలో చాలామంది ఏథెన్స్ చేరారు. అక్కడివారి దృష్టిలో వారు టర్కీవారు. ఇక్కడివారి దృష్టిలో గ్రీకులు. వారు అక్కడ మిఠాయి అంగళ్ళూ భోజనశాలలూ తెరిచి, ఇస్తాంబుల్‌లో వండినట్లే వండారు. 1964లో వెళ్ళగొట్టబడిన అటువంటి ఒక కుటుంబం కథతో 2003లో గ్రీకు భాషలో ఒక చలనచిత్రం వచ్చింది. దాని పేరు 'పోలిటికి కుజీనా'. గ్రీసులో ఈ వంటకు వాడుకలో ఉన్న పేరూ అదే. 'పోలీ' అంటే నగరం; పోలిటికి కుజీనా అంటే నగరపు వంట. ఏ నగరమో వారు వేరే చెప్పరు.