భాగం – 4: మ్యూజియాన్ని చూడటం: మన నేల నుంచి హైదరాబాద్ దాకా

4.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• హైదరాబాద్‌లోని రెండు ప్రధాన మ్యూజియాలు ఎలా ఏర్పడ్డాయో చెప్పగలుగుతారు;
• మ్యూజియంలోని వస్తువుకూ, అది దొరికిన చోటుకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు;
• ఒక వస్తువును పరిశీలించేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

4.1 పరిచయం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి హైదరాబాద్ చూడటానికి వెళ్ళేవారు సాధారణంగా చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, ట్యాంక్‌బండ్‌లను ఒకే రోజులో చుట్టి వస్తారు. మ్యూజియానికి మిగిలేది ఒక గంట. ఆ గంటలో ఎన్నో గదులు దాటుతారు. ఇంటికి చేరాక గంటలు కొట్టే గడియారం ఒక్కటే గుర్తుంటుంది. ఇది చూసేవారి లోపం కాదు. ఏం చూడాలో, ఎలా చూడాలో ముందుగా తెలియకపోవడమే దీనికి కారణం.

సాలార్‌జంగ్ మ్యూజియం మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉంది. అదే మూసీ సూర్యాపేట ప్రాంతపు పొలాలకు నీరిచ్చి, మిర్యాలగూడకు దగ్గరలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. నది నగరం నుంచి మన వైపు వస్తే, మన నేలలో దొరికిన శిల్పాలు కొన్ని నగరానికి వెళ్ళాయి. ఈ సంగతి తెలిసి వెళ్ళేవారికి మ్యూజియం వింత వస్తువుల కొట్టులా కాక, తమ చరిత్రలో ఒక భాగంగా కనిపిస్తుంది.

4.2 రెండు మ్యూజియాలు, రెండు పుట్టుకలు

4.2.1 సాలార్‌జంగ్ మ్యూజియం

ఇది ప్రధానంగా ఒక వ్యక్తి సేకరణ నుంచి పుట్టిన మ్యూజియం. మూడో సాలార్‌జంగ్‌గా పేరొందిన మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) ఏడో నిజాం వద్ద కొంతకాలం ప్రధానమంత్రిగా పనిచేశారు. తరువాతి జీవితమంతా కళావస్తువుల సేకరణకే వెచ్చించారు. ఆయన మరణానంతరం 1951 డిసెంబర్ 16న, వారి నివాసమైన దివాన్ దేవిడీలో ఈ మ్యూజియాన్ని ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది.

ఇక్కడ అందరూ ఆగి చూసే శిల్పం ‘ముసుగు రెబెక్కా’. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి విగ్రహాన్ని 1876లో రోమ్‌లో మొదటి సాలార్‌జంగ్ కొన్నారు. ముఖం మీది పలుచని ముసుగు కూడా రాయే. మరొకటి జంట శిల్పం. ఒకే కొయ్య దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనకవైపు మార్గరెట్టా అనే యువతి ఉంటారు. వెనక అద్దం ఉన్నందున రెండు రూపాలూ ఒకేసారి కనిపిస్తాయి.

4.2.2 రాష్ట్ర మ్యూజియం

పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం పురావస్తు పరిశోధనతో ముడిపడినది. హైదరాబాద్ సంస్థానంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ దాని మొదటి డైరెక్టర్. అజంతా గుహలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. ఆ చిత్రాల నకళ్ళను నేడు ఈ మ్యూజియంలో చూడవచ్చు. పిల్లలు మొదట అడిగేది ఈజిప్టు మమ్మీ గురించి. దానిని ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చారు. తరువాత ఏడో నిజాం ద్వారా అది మ్యూజియానికి చేరింది.

ఈ రెండింటి మధ్య తేడాను గమనించండి. మొదటిది సేకర్త అభిరుచిని చూపుతుంది. రెండోది ప్రధానంగా ఒక ప్రాంతపు గతాన్ని చూపుతుంది.

4.3 వస్తువు పుట్టిన చోటు

కోదాడ నుంచి ఖమ్మం వెళ్ళే దారిలో నేలకొండపల్లి ఉంది. అక్కడ పెద్ద బౌద్ధ స్తూపం బయటపడింది. ఆ ఊరి నుంచి వచ్చిన నిలుచున్న బుద్ధుని సున్నపురాతి విగ్రహం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. రెబెక్కా ముందు నిలబడిన జనంలో ఎంతమంది ఈ బుద్ధుని దగ్గర ఆగుతారో ఈసారి మీరే చూడండి.

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి పాము పడగను తలపించే కొండ. దానిమీద మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. ఇక్కడి తవ్వకాల్లో దొరికిన తోరణపు దూలం 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో, తొలి బౌద్ధ కళపై జరిగిన ప్రదర్శనలో నిలిచింది. సముద్రాలు దాటి వెళ్ళిన ఈ శిల్పం పుట్టిన కొండను, పక్కనే ఉన్న మనలో ఎంతోమంది ఇంకా ఎక్కనేలేదు.

నాగార్జునకొండ కథ వేరు. సాగర్ ఆనకట్ట కడితే లోయ మునుగుతుందని తెలిసి 1954–60 మధ్య అక్కడ పెద్దఎత్తున తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని ఎత్తైన చోట తిరిగి నిర్మించారు. నేడు ద్వీపంగా మారిన ఆ కొండమీదే మ్యూజియం ఉంది. మిర్యాలగూడ వైపు నుంచి సాగర్ వెళ్ళి లాంచీలో అక్కడికి చేరుకోవచ్చు. కదిలించకపోతే ఆ శిల్పాలు నీటి అడుగునే ఉండేవి. అంటే, వస్తువును దాని చోటి నుంచి తీయడం ప్రతిసారీ నష్టమే కాదు. కొన్నిసార్లు అదే రక్షణ.

ఇక కదలనివి కూడా ఉన్నాయి. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు నేటికీ పూజలందుకుంటున్నాయి. అక్కడ శిల్పం, శాసనం, దీపం ఒకేచోట ఉంటాయి. మ్యూజియం ఇవ్వలేనిది అదే.

4.4 చూసేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు

అన్నీ చూడాలనుకోకండి. అయిదారు వస్తువులను ఎంచుకుని, ఒక్కొక్కదాని ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి:
1. దీన్ని దేనితో చేశారు?
2. ఇది ఎక్కడిది?
3. ఎవరి కోసం, ఏ పనికి చేశారు?
4. ఇక్కడికి ఎలా వచ్చింది?

నేలకొండపల్లి బుద్ధుని విషయంలో మొదటి జవాబు సున్నపురాయి. కృష్ణా లోయ బౌద్ధ శిల్పాలలో ఎక్కువగా కనిపించే రాయి ఇదే. రెండో జవాబు పక్కనున్న పలక మీద ఉంటుంది. మూడోది మీరు ఊహించాలి: ఒకప్పుడు దీని ముందు చేతులు జోడించారు, ఇప్పుడు టికెట్టు కొని చూస్తున్నారు. నాలుగో ప్రశ్నకు జవాబు పలక మీద లేకపోతే అక్కడి సిబ్బందిని అడగండి. పలక మీద ఊరి పేరు లేకపోతే ఆ విగ్రహం ‘ఒక పాత బుద్ధుడు’గా మాత్రమే మిగిలేది. కాబట్టి దొరికిన చోటు వివరం కూడా వస్తువంత విలువైనదే.

4.5 పొలంలో ఏదైనా దొరికితే

ఇది పుస్తకంలోని మాట మాత్రమే కాదు. మన ప్రాంతంలో దున్నేటప్పుడు, బావి తవ్వేటప్పుడు పాత నాణేలు, శిల్పాలు బయటపడవచ్చు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికినవారు జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. కడగవద్దు, పంచుకోవద్దు, ఇంటికి తేవద్దు. ఉన్నచోటనే ఉంచి ఫోటో తీసి, వెంటనే తహసీల్దారు కార్యాలయంలో చెప్పి, కలెక్టరుకు సమాచారం చేరేలా చూడండి. కదిపిన మరుక్షణం రెండో ప్రశ్నకు జవాబు చెరిగిపోవడం మొదలవుతుంది.

4.6 ప్రయాణ ప్రణాళిక

ముందుగా మీ దగ్గరి స్థలాన్ని చూడండి, ఆ తరువాతే నగరానికి వెళ్ళండి. బస్సులో ఎల్.బి.నగర్ దిగితే మెట్రో ఎర్ర లైను మీద ఎం.జి.బి.ఎస్. స్టేషన్ (సాలార్‌జంగ్‌కు దగ్గర), అసెంబ్లీ స్టేషన్ (పబ్లిక్ గార్డెన్స్‌కు దగ్గర) రెండూ వస్తాయి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. రాష్ట్ర మ్యూజియం వేళలను ముందే కనుక్కోండి. ఒక్కో మ్యూజియానికి కనీసం మూడు గంటలు కేటాయించండి.

4.7 సారాంశం

మ్యూజియం వస్తువును కాపాడుతుంది. కానీ దాని చోటి నుంచి వేరు చేస్తుంది. ఆ తెగిన ముడిని తిరిగి వేయవలసినది చూసేవారే. దొరికిన చోటు తెలిసినవారు ఆ పనిని అందరికంటే బాగా చేయగలరు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. సాలార్‌జంగ్, రాష్ట్ర మ్యూజియాల ఏర్పాటులో తేడా ఏమిటి?
2. నాగార్జునకొండ శిల్పాలను ఎందుకు తరలించారు?

కృత్యం
మీ ఊరికి దగ్గరలోని ఒక పాత శిల్పాన్ని లేదా ఆలయాన్ని ఎంచుకుని, 4.4లోని నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక పేజీలో రాయండి. తెలియని జవాబుల కోసం ఊరి పెద్దలను అడగండి.