గోబర్ గ్యాస్ పొయ్యి మండట్లేదా? గొయ్యి తోడే ముందు ఇవి చూడండి

గుడివాడ, బందరు, దివిసీమ పల్లెల్లో కొన్ని ఇళ్ల దగ్గర ఒక సంగతి కనబడుతుంది. దొడ్లో గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంటుంది. పక్కన చావిట్లో గేదెలు ఉంటాయి. వంట మాత్రం సిలిండరు మీదే. అడిగితే "అదెప్పుడో చెడిపోయిందండీ" అంటారు. ఏం చెడిందో మాత్రం చెప్పలేరు.

నిజానికి గ్యాస్ ఆగిపోవడానికి కారణం చాలాసార్లు గొయ్యి బయటే ఉంటుంది. గొట్టంలో నీళ్లు చేరడం, పొయ్యి రంధ్రాలు పూడుకుపోవడం, వాల్వు దగ్గర కారడం వంటివే ఎక్కువ. వీటికి గొయ్యి తోడించాల్సిన పని లేదు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటు రోజూ పూర్తిగా పనిచేస్తే నెలకు ఒక సిలిండరుకు పైనే మిగులుతుంది. కాబట్టి వదిలేసే ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి.

ముందు పేడ లెక్క చూసుకోండి

రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కలిపి పోయాలి. కట్టుమీద ఉన్న పెద్ద గేదె రోజుకు 12 నుంచి 15 కిలోల పేడ వేస్తుంది. అంటే నాలుగు గొడ్లు కావాలి. ప్లాంటు కట్టిననాడు నాలుగు గేదెలుండి, ఇప్పుడు రెండే మిగిలితే గ్యాస్ కూడా సగమే వస్తుంది. అది రిపేరు కాదు. గొడ్లు బయట మేతకు పోతే పేడలో కొంత అక్కడే పడిపోతుంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి.

సంక్రాంతి ముందు చలికి గ్యాస్ కాస్త తగ్గడం కూడా మామూలే. లోపలి సూక్ష్మజీవులు 35 డిగ్రీల వేడిలో బాగా పనిచేస్తాయి. ఆ రోజుల్లో ఎండలో పెట్టిన నీళ్లతో పేడ కలిపితే మంచిది.

మంటను చూసి చెప్పొచ్చు

మంచి గ్యాస్ నీలంగా మండుతుంది. మంట పచ్చగా ఉండి గిన్నెకు మసి పడుతోందంటే పొయ్యికి గాలి సరిగా అందట్లేదు. బర్నరు విప్పి రంధ్రాలు తీగతో శుభ్రం చేసి, గాలి రంధ్రం కాస్త తెరవాలి.

మంట ఎగిరెగిరి పడుతుంటే గొట్టంలో నీళ్లు నిలిచాయని గుర్తు. గ్యాసుతో పాటు వచ్చే ఆవిరి గొట్టంలో చల్లబడి నీరవుతుంది. గొట్టం బాగా పల్లంగా ఉన్నచోట నీళ్లు వదిలే కుళాయి ఉండాలి. వారానికోసారి దాన్ని తిప్పి నీళ్లు పోయాక మళ్లీ మూసేయాలి. గొట్టం మధ్యలో కుంగితే అక్కడా నీళ్లు చేరతాయి. కింద ఇటుక ముక్క పెట్టి లేపాలి.

ఒక్క రాత్రి పరీక్ష

తప్పు గొయ్యిలో ఉందా, గొట్టంలో ఉందా అన్నది ఒక్క రాత్రిలో తేలిపోతుంది.

సాయంత్రం వంట కాగానే ప్లాంటు దగ్గరున్న వాల్వు గట్టిగా మూసేయండి. పైన ఇనుప డ్రమ్ము తేలే రకమైతే డ్రమ్ము ఎంత ఎత్తులో ఉందో సుద్దముక్కతో గీత పెట్టండి. భూమిలో ఇటుకల గుమ్మటం ఉండే దీనబంధు రకమైతే, పేడనీళ్లు బయటికొచ్చే తొట్టిలో మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారి చూడండి.

డ్రమ్ముగానీ తొట్టిలో మట్టంగానీ పైకి లేస్తే గొయ్యి బాగున్నట్టే. తప్పు గొట్టంలోనో, పొయ్యిలోనో ఉంది. సబ్బు నురగ తీసుకుని అతుకులకు, వాల్వులకు పూయండి. బుడగ లేచినచోట గ్యాస్ కారుతోంది. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడొద్దు.

లేవకపోతే డ్రమ్ముకు లేదా గుమ్మటానికి కన్నం పడి ఉండాలి, లేదా లోపల గ్యాసే పుట్టట్లేదు. డ్రమ్ముకు పైనా, పక్కలా నురగ పూసి చూడండి. బుడగ వస్తే కన్నమే. గుమ్మటమైతే పైన కప్పిన మట్టి తీసి, గ్యాస్ గొట్టం బిగించినచోట ముందు చూడాలి.

మన నేలకు తగిన జాగ్రత్తలు

బందరు, దివిసీమ వైపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. డ్రమ్ముకు ఏటా తుప్పు గీకి రంగు వేయించాలి. పేడనీళ్ల మట్టం తగిలే చుట్టు ముందుగా తినేస్తుంది. కన్నానికి వెల్డింగు చేయించాలంటే గ్యాసంతా వదిలేసి, డ్రమ్మును బయటికి తీసి, దూరంగా పెట్టి, నీళ్లతో కడిగిన తర్వాతే చేయించాలి. ప్లాంటు మీద ఉండగా వెల్డింగు పెడితే పేలిపోతుంది.

నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. ఆ లాగుడికి గోడలు బీటలు వారొచ్చు. పేడ వేయకపోయినా తొట్టిలోంచి నీళ్లు పొంగుతున్నా, వచ్చేది బాగా పలచగా ఉన్నా బయటి ఊటనీరు లోపలికి దిగుతున్నట్టు అనుమానించాలి. అటువంటప్పుడు గొయ్యి తోడించి పూత వేయించక తప్పదు. ఆ పని వానాకాలంలో, కాలవలు నిండుగా ఉన్నప్పుడు పెట్టుకోవద్దు. ఊట పైకి ఉన్నప్పుడు గొయ్యి ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి కట్టడమే లేచిపోవచ్చు, గోడలు పగలొచ్చు. కాలవలు కట్టేసిన ఎండాకాలమే అదును.

గొయ్యి పులిస్తే

బాగా అరిగిన పేడనీళ్లకు కంపు ఉండదు, ఈగలు ముసరవు. కంపు కొడుతూ నురగ కడుతోందంటే అరగకుండానే బయటికి వస్తోందన్నమాట. ఒకేసారి ఎక్కువ పేడ పోస్తే ఇట్లా పులుస్తుంది. గ్యాస్ వచ్చినా అంటుకోదు. కొన్నాళ్లు పేడ పోయడం ఆపి, బాగా నడిచే ప్లాంటు నుంచి రెండు మూడు బకెట్ల పేడనీళ్లు తెచ్చి పోస్తే తిరుగుతుంది. ఫినాయిలు, సబ్బునీళ్లు, మందు ఇంజెక్షన్లు వేయించిన గొడ్డు పేడ అందులో పడకూడదు. గడ్డిపోచలు ఏరేయాలి. లేకపోతే పైన తెట్టు కడుతుంది. డ్రమ్మును రోజూ అటూ ఇటూ తిప్పితే ఆ తెట్టు విరుగుతుంది.

లోపలికి మాత్రం దిగొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. తోడేసిన గొయ్యిలోనూ విషవాయువు ఉంటుంది, ఊపిరికి గాలి ఉండదు. దిగినవాడు కేక వేసే లోపే పడిపోతాడు. కాపాడదామని దిగిన రెండోవాడూ పడిపోతాడు. దీపం దింపి చూడటం ఇంకా ప్రమాదం, మిగిలిన గ్యాస్ అంటుకుంటుంది. బీడీ కూడా దగ్గర్లో కాల్చొద్దు. మనిషి దిగక తప్పని పనైతే, గాలి కొట్టే యంత్రం, నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు ఉండే అనుభవస్తులకే అప్పగించండి. ఎవరైనా లోపల పడితే వెనకే దూకకుండా అగ్నిమాపక కేంద్రానికి 101కి ఫోను చేయండి.

ఇవాళ సాయంత్రమే వాల్వు మూసి గీత పెట్టండి. రిపేరు ఎంతటిదో రేపు పొద్దున్నే ప్లాంటే చెబుతుంది.