రిజిస్టరులో లేని విశ్వాసం

మా నాయనమ్మ చనిపోయిన రోజు సంఘ పెద్దలు మొదట అడిగింది ఆమె గురించి కాదు, మూడేళ్ల సంఘ చందా బాకీ గురించి. అది కడితే గానీ సమాధుల దొడ్డిలో చోటు లేదన్నారు. నాన్న అప్పు తెచ్చి కట్టాడు. రసీదు రాశాకే పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు.

కొన్ని నెలల తర్వాత తమ్ముడి కుల ధ్రువీకరణ పత్రం కోసం దరఖాస్తు పెట్టాం. విచారణకు వచ్చినాయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ ముసలమ్మను ఎక్కడ పూడ్చారు?" అంటే, డబ్బు కట్టనందుకు ఆమె చర్చి మనిషి కాకుండా పోబోయింది. కట్టినందుకు తమ్ముడు ఎస్సీ కాకుండా పోబోయాడు. ఆమె నమ్మిన దేవుడికి ఈ రెండు లెక్కలతోనూ సంబంధం లేదు.

నేను ఇప్పటికీ క్రీస్తును నమ్ముతాను. చర్చి సభ్యత్వం మాత్రం లేదు. ఇది అలక కాదు. విశ్వాసం వేరు, దాన్ని నడిపించే వ్యవస్థ వేరు. ఆ రెండూ ఒకటే అని చర్చి అంటుంది, చట్టమూ అంటుంది. మధ్యలో నలిగేది పల్లెల్లోని మాల మాదిగలు.

మన దగ్గరకు ఈ విశ్వాసం ఎలా వచ్చిందో చూస్తే తేడా తెలుస్తుంది. యర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారం చేసేవాడు. ఊళ్లు తిరిగేటప్పుడు సువార్త విని, తానే ఒంగోలు వెళ్లి 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగొచ్చి తనవాళ్లకు తానే చెప్పుకున్నాడు. దొర పల్లెకు రాకముందే మాట పల్లెకు చేరింది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని ఒంగోలు పెద్దకులాలవాళ్లు తేల్చి చెప్పారు, బడి ఖాళీ అయింది. పలుకుబడి ఉన్నవాళ్లా, ఈ తోలు పని వాళ్లా అని మిషన్ తేల్చుకోవాల్సి వచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం నీచులుగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం చదివి క్లౌ దంపతులు మాదిగల వైపు నిలిచారని మిషన్ చరిత్ర చెబుతుంది. నా దృష్టిలో అక్కడ వ్యవస్థ మీద విశ్వాసం గెలిచింది.

తర్వాత 1876–78 కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని క్లౌ వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనల్ని 'గంజి క్రైస్తవులు' అని వెక్కిరించేవాళ్లు ఆ ఆపిన నెలల సంగతి ఎత్తరు. మనవాళ్లేమో 2,222 అంకె చెప్పుకుని మురుస్తారు గానీ, ఆ నీళ్లలో దిగినవాళ్లు ఏం ఆశించారో అడగరు. వాళ్లు ఆశించింది మనిషిగా లెక్కలోకి రావడం.

ఇక చట్టం. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులనే ఎస్సీలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వాళ్ల సంతానం బీసీ–సీ. దానికి ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే పల్లెల్లో చాలామందికి రెండు పేర్లు: బడి రికార్డులో ఒకటి, బాప్తిస్మం పుస్తకంలో ఒకటి. దీన్ని మోసం అనేవాళ్లు ముందు ఆ ఉత్తర్వును చదవాలి.

సూసై అనే చెప్పులు కుట్టే మనిషి కేసు విద్యార్థులు తప్పక చదవాల్సింది. మద్రాసు రోడ్డు పక్క చెప్పులు కుట్టే ఎస్సీలకు తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆదిద్రావిడుడైన సూసైకి ఇవ్వలేదు, క్రైస్తవుడని. అదే రోడ్డు, అదే పని. 1985లో సుప్రీంకోర్టు ఏమందంటే, మతం మారాక కులం మిగిలి ఉందని చూపితే చాలదు, కొత్త మతంలోనూ అంతే తీవ్రమైన వెనుకబాటు, అణచివేత ఉన్నాయని రుజువు చేయాలి అంది. అదే ఏడాది జూలై 17న కారంచేడులో మాదిగలను నరికారు. బతికినవాళ్లు చీరాల చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు. 1991లో చుండూరు. నరికినవాడు ఎవరి బాప్తిస్మం గురించీ అడగలేదు.

కోర్టు అడిగిన రుజువు ఎక్కడుంది? చర్చిలోనే ఉంది. తిరుచ్చిలో దళిత క్రైస్తవుల సమాధులను విడదీస్తూ శ్మశానంలో కట్టిన గోడ అందరూ చూసిందే. మన దగ్గర గోడ అక్కర్లేదు, పెళ్లి సంబంధాలు, కమిటీ ఎన్నికలు చాలు. కేథలిక్కుల్లో పెద్దకులాల పెత్తనం ఒకటైతే, ప్రొటెస్టెంటు సంఘాల్లో మాల మాదిగ పంచాయితీ మనం చేసుకున్నదే, అదీ ఒప్పుకోవాలి. కానీ ఆదివారం వేదిక మీద మాత్రం "క్రీస్తులో కులం లేదు" అంటారు. బోధగా అది గొప్ప మాట. వాంగ్మూలంగా అబద్ధం. ఆ అబద్ధాన్నే ప్రభుత్వం మనకు వ్యతిరేకంగా వాడుకుంటోంది. పాస్టరుగా పనిచేస్తున్న ఒకాయన పెట్టిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసును 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. మతం మారాడు కాబట్టి ఎస్సీ కాడంది.

కేథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో తెచ్చిన దళిత విధానంలో చర్చిలో వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. సంతోషమే. కానీ మా పల్లె కమిటీ రిజిస్టరు దాకా ఆ గాలి రాలేదు. మతంతో ముడి తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఇలాంటి కమిషన్ల ముందుకు వెళ్లే సంఘాలు తమ ఎన్నికల జాబితాలు, శ్మశానాల పటాలు పట్టుకెళ్లాలి. పరువు పోతుందని జంకితే పోయేది పిల్లల చదువు.

"చర్చికి రాకుండా విశ్వాసి ఎలా అవుతావు?" అని అడుగుతుంటారు. నాయనమ్మకు అక్షరం రాదు. నాట్లకు పోయేముందు చీకట్లోనే వసారాలో కూర్చుని, పల్లెలో అందరి పేర్లూ, చందా బాకీ ఉన్నవాళ్లవీ లేనివాళ్లవీ, ఒక్కొక్కటే చెప్పి ప్రార్థన చేసేది. నేనిప్పుడు అదే వసారాలో కూర్చుంటాను. తమ్ముడి దరఖాస్తు మాత్రం ఇంకా విచారణలోనే ఉంది.